పది చక్రాల పాత లారీ కొనబోతున్నాను: ఇంజనును, ఛాసిస్‌ను ఎలా పరీక్షించుకోవాలి?

ప్రశ్న: కొబ్బరితోట (అంబాజీపేట)

అందరికీ నమస్కారం. మాకు ఆరు చక్రాల లారీ ఒకటి ఉంది. పన్నెండేళ్లుగా అంబాజీపేట మార్కెట్టు నుంచి కొబ్బరికాయలు వేసుకుని, తిరుగు ప్రయాణంలో ఏ కిరాయి దొరికితే అది పట్టుకుని నడుపుకుంటున్నాము. ఈ మధ్య వ్యాపారులు చిన్న లోడుకు బండి అడగడం తగ్గించారు. అందువల్ల పది చక్రాల పాత బండి ఒకటి కొనాలని అనుకుంటున్నాను. కొత్త బండి తీసుకుని నెలనెలా వాయిదాలు కట్టే ధైర్యం నాకు లేదు.

తాడేపల్లిగూడెం దగ్గర ఒక బండి చూశాను. 2016 మోడల్, ఏపీ 37 నంబరు, 25 టన్నుల బండి, ఆరు సిలిండర్ల ఇంజను, డీజిల్ కొట్టేది మెకానికల్ పంపు. మీటరు 3,10,000 కిలోమీటర్లు చూపిస్తోంది. మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం తోలిన బండి అని, ఆర్నెల్ల క్రితమే ఇంజను పని మొత్తం చేయించామని, ఇక అయిదేళ్లపాటు దానిమీద చేయి వేయనక్కర లేదని బ్రోకరు చెబుతున్నాడు. బాడీకి కొత్త రంగు వేశారు, ఛాసిస్‌కు కూడా నల్లరంగు కొట్టారు. నా ముందు స్టార్టు చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, పొగ రాలేదు, చప్పుడు కూడా బాగానే ఉంది. ఖాళీ బండిని తణుకు వైపు పది కిలోమీటర్లు నడిపి చూశాను, ఏ లోపమూ తెలియలేదు.

తెలియకపోవడమే నా భయం. నాకు బండి నడపడం తెలుసు గానీ ఇంజను లోపలి సంగతులు తెలియవు. ఏవి ముందు చూడాలి, ఏ లోపం కనిపిస్తే ధర తగ్గించమని అడగాలి, ఏది కనిపిస్తే బేరమే వదిలేసి రావాలి? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరు.

జవాబు: పంపుషాపు (రావులపాలెం)

మీరు రాసినదానిలో నాకు నచ్చనివి రెండు ఉన్నాయండి. స్టార్టు చేసి చూపించారన్నారు, కానీ మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉందో లేదో రాయలేదు. ఇంజను పని చేయించారన్నారు, కానీ ఏ పని చేయించారో రాయలేదు.

మొదటిది చాలామంది పట్టించుకోరు. అలసిపోయిన ఇంజను తన వయసును చల్లగా ఉన్నప్పుడే బయటపెడుతుంది. ఒకసారి వేడెక్కితే పిస్టన్ రింగుల సందులు కొంత సర్దుకుంటాయి, పొగ తగ్గుతుంది, సెల్ఫ్ సులువుగా అందుకుంటుంది. అందుకే అమ్మేవారు మనం వెళ్లేలోపు ఒకసారి స్టార్టు చేసి ఆపేస్తారు. తెల్లవారుజామున, చెప్పకుండా వెళ్లండి. ముందు బ్లాకు మీద, ఎగ్జాస్టు మానిఫోల్డు మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజు పరీక్ష రద్దు చేసుకుని మరో రోజు వెళ్లండి. మన ప్రాంతంలో పుష్యమాసంలో కూడా ఇంజను బిగుసుకుపోయేంత చలి ఉండదు, కాబట్టి మంచి కంప్రెషన్ ఉన్న ఇంజను మన దగ్గర ఏ నెలలోనైనా వెంటనే అందుకోవాలి. రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టవలసి వచ్చినా, కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసనతో తెల్లపొగ రెండు నిమిషాలకు మించి ఆగకుండా వచ్చినా కంప్రెషన్ తగ్గిందని, లేదా నాజిల్స్, పంపు టైమింగు సరిగా లేవని అనుకోవాలి. నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. అది స్టార్టింగులోనే కాక, పది నిమిషాలు ఐడిలింగులో ఉంచి ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు కూడా చూడాలి. వాల్వు గైడ్లు గానీ టర్బో సీలు గానీ పోయిన ఇంజను అప్పుడే పట్టుబడుతుంది.

తరువాత బ్యాక్ కంప్రెషన్. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, తలకిందులుగా ఆ రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా ఆవిరి రావడం సహజం. మూత గంతులు వేసి పక్కకు పడిపోతుంటే, బ్రీదరు గొట్టం నుంచి పొగ దమ్ములు దమ్ములుగా వస్తుంటే, రింగులో, సిలిండరు లోపలి బోరో అరిగి మంట ఒత్తిడి కిందికి దిగుతున్నట్టు. ఇది ఖాళీ బండిలో కూడా తెలుస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఆయిల్ పుల్ల తీసి చూడండి. డీజిల్ ఇంజనులో ఆయిల్ పోసిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. బంగారు రంగులో మెరుస్తుంటే అది నిన్ననో మొన్ననో మార్చినదే, ఎందుకు మార్చారని అడగండి. చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు అణిచే అలవాటు కొందరికి ఉంది. మట్టం ఉండవలసిన గీత కంటే పైన ఉండి, వేళ్ల మధ్య పలచగా జారి, డీజిల్ వాసన వేస్తే నాజిలో పంపో లోపలికి కారుతోంది. పాల కాఫీ రంగులోకి మారితే నీరు కలుస్తోంది.

రేడియేటరు మూతను ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయండి, వేడి మీద తీసి ముఖం కాల్చుకున్నవారిని చూశాను. నీరు పైదాకా నింపి స్టార్టు చేసి, ఇంజను వేగం కొంచెం పెంచి చూడండి. బుడగలు వరుసగా, ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్టు పోయిందో, హెడ్డు బీట తీసిందో అని అర్థం. లోపల ఉన్నది రంగు కూలెంటా, తుప్పు నీళ్లా అన్నది కూడా చూడాలి. మన డెల్టాలో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. డ్రైవర్లు దాబా దగ్గర ఏ నీళ్లు దొరికితే అవే పోస్తారు, ఆ ఉప్పు లోపల పెచ్చుకట్టి, వాటర్ పంపును, నీటి దారులను తినేస్తుంది. ఇంకొక దురలవాటు కూడా ఉంది. ఇంజను వేడెక్కుతోందంటే కారణం వెతకకుండా థర్మోస్టాటు పీకేస్తారు. దానివల్ల ముల్లు కిందికి దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు, ఇంజను మాత్రం కావలసిన వేడికి ఎప్పుడూ చేరక నానాటికీ అరిగిపోతుంది. అరగంట నడిపిన తరువాత కూడా ముల్లు లేవకపోతే అది శుభవార్త కాదు.

ఇక ఇంజను పని మాట. రింగులు, బేరింగులు మార్చి మళ్లీ బిగించినా ఇంజను పని అంటారు. బోరింగు (సిలిండరు లోపలి గోడను కోసి సరిచేయడం), క్రాంకు గ్రైండింగు చేయించి, హెడ్డు, పంపు, టర్బో అన్నీ చూసినా ఇంజను పని అనే అంటారు. అందుకే బిల్లులు అడగండి. బోరింగు షాపు బిల్లులో పిస్టన్ల సైజు ఉంటుంది, గ్రైండింగు బిల్లులో బేరింగుల సైజు ఉంటుంది. బిల్లు లేని ఇంజను పనిని జరగని పనిగానే లెక్క వేయండి.

మీరు కంపెనీ పేరు రాయలేదు. ఆ కాలపు పది చక్రాల 2518 అయితే (25 అంటే మొత్తం బరువు 25 టన్నులు, 18 అంటే దాదాపు 180 హార్స్‌పవర్) అందులో కమ్మిన్స్ 6బీటీ 5.9 లీటర్ల ఇంజను ఉండే అవకాశం ఎక్కువ. మంచి ఇంజను, మన మెకానిక్కులందరికీ తెలిసిన ఇంజను. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దానికి విడిగా లైనర్లు (మార్చుకోగల సిలిండరు గొట్టాలు) ఉండవు, 102 మిల్లీమీటర్ల బోరు నేరుగా బ్లాకులోనే ఉంటుంది. లైనర్లు ఉన్న ఇంజనులో అరిగితే లైనరు కొట్టి కొత్తది దింపుతాం. ఇందులో బోరింగు చేసి 0.5 మిల్లీమీటర్లు, ఆ తరువాత 1 మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేయాలి, అదీ దాటితే స్లీవులు దింపాలి లేదా బ్లాకే మార్చాలి. అంటే 'ఒకసారి పని జరిగింది' అన్న మాట ఈ ఇంజనుకు మెప్పు కాదు, ఉన్న అవకాశాల్లో ఒకటి ఖర్చయిందని లెక్క. ఆయిల్ ప్రెషరును డ్యాష్‌బోర్డు ముల్లుతో కాకుండా విడి గేజి బిగించి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత చూడాలి. ఈ ఇంజనుకు ఐడిలింగులో కనీసం 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), పూర్తి వేగంలో కనీసం 30 పీఎస్ఐ ఉండాలి. అవి కనీసపు అంకెలు మాత్రమే, ఆ అంచున ఊగిసలాడే ఇంజను బేరింగుల పనికి దగ్గర పడినట్టే.

చివరిగా, ఖాళీ బండిని తణుకు రోడ్డు మీద నడిపి చూడటం పరీక్ష కాదు. మన డెల్టా బల్లపరుపు నేల, ఇక్కడ ఊపిరి పోయిన ఇంజను కూడా గుర్రంలా పరుగెత్తుతుంది. లోడు వేయించండి. గూడెం నుంచి నల్లజర్ల మీదుగా ద్వారకా తిరుమల వైపు వెళ్తే మెట్ట మొదలై రోడ్డు ఎత్తుపల్లాలు అవుతుంది. అక్కడ ఎక్కుడులో టెంపరేచరు ముల్లు, నల్లపొగ, క్లచ్చి జారడం చూడండి. పల్లంలో యాక్సిలరేటరు వదిలేసినప్పుడు గేరు తనంతట జారి న్యూట్రల్‌లో పడుతుందా, వెనుక యాక్సిలులోని క్రౌను (పెద్ద పళ్లచక్రం) ఏడుస్తుందా అన్నది చూడండి.

జవాబు: చేపలబండి (భీమవరం)

పైన రాసినవారి మాటలన్నీ నిజమే గానీ, నేనైతే ఆ క్రమంలో చూడను. నా లెక్కలో ఇంజను మూడోది. ఇంజను పోతే దించి పని చేయించుకోవచ్చు, దానికి ఇంత అవుతుందని ముందే చెప్పగలం, ఆ మేరకు బేరంలో తగ్గించుకోగలం. ఛాసిస్ తుప్పు పట్టిపోతే దాన్ని ఎవరు బాగుచేస్తారు? అందుకని నేను ముందు బండి కిందికి దూరి, తరువాత కాగితాలు చూసి, ఆ తరువాతే బానెట్టు దగ్గరికి వెళ్తాను.

మా ఊరి నుంచి మంచులో పెట్టిన చేపలు, రొయ్యలు బెంగాలుకూ అస్సాముకూ వెళ్తాయన్నది అందరికీ తెలిసిందే. దారిపొడుగునా ఆ మంచు కరిగి, ఉప్పునీటి రొయ్యల నీచుతో కలిసి, బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీద చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. బాడీకీ ఛాసిస్‌కూ మధ్య ఉండే చెక్క దిమ్మెలు ఆ తడిని పీల్చుకుని నెలల తరబడి దాచిపెడతాయి. నాలుగేళ్లు అలా నడిచిన బండి పైకి ఎంత కళకళలాడినా, దిమ్మెల కింద ఛాసిస్ పొరలు పొరలుగా లేస్తుంది. ఇసుక రేవుల్లో తిరిగిన బండ్లకూ ఇంతే, తడి ఇసుక లోడులో నీళ్లు ఇలాగే కారుతాయి, పైగా బరువు ఎంత వేశారో వారికే తెలియదు.

మీ బండి ఛాసిస్‌కు కొత్తగా నల్లరంగు కొట్టారన్నారు. మసిపూసి మారేడుకాయ చేశారో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న సుత్తి చాలు. క్యాబిను వెనుక నుంచి చివరిదాకా రెండువైపులా కొడుతూ వెళ్లండి. మంచి ఇనుము గంటలా మోగుతుంది, తిన్నచోట చప్పుడు మందంగా ఉండి రంగుతోపాటు పెచ్చులు రాలుతాయి. అడ్డపట్టీలను ఛాసిస్‌కు పట్టి ఉంచే రివెట్ల చుట్టూ ఎర్రటి చార కారినట్టు కనిపిస్తే ఆ రివెట్టు కదులుతున్నట్టు. వెనుక కమాను (స్ప్రింగు పట్టీల కట్ట) బ్రాకెట్ల దగ్గర, బోగీ (వెనుక జంట యాక్సిళ్లు) పైన, క్యాబిను వెనుక అడ్డపట్టీ మూలల్లో వెల్డింగు అతుకుల కోసం వెతకండి. చీలికకు అతుకు వేసి రంగు కొట్టి ఉంటే వేలితో తడిమితే ఎత్తు తెలుస్తుంది.

కమాను పట్టీలు లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినదానికంటే ఒకటో రెండో ఎక్కువ ఉంటే ఆ బండి జీవితాంతం ఓవర్‌లోడు మోసిందని అది తనే చెబుతున్నట్టు. ముందు చక్రాన్ని జాకీ ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపితే, చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగుపిన్నుల లూజు తెలుస్తుంది. టైర్లు ఒకవైపు అరిగాయంటే అలైన్‌మెంటుతో సరిపోయేదో, యాక్సిలే వంగిందో చూడాలి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. రీబటన్ (అరిగినదానిపై కొత్త రబ్బరు పొర వేసిన) టైర్లకు కొత్త నల్లరంగు పూసి కొత్తవిగా చూపించడం కూడా మామూలే.

మీటరును నమ్మకండి. నా బండి హౌరా వెళ్లి రావడానికి రెండు వేల కిలోమీటర్ల పైమాటే, నెలకు మూడు ట్రిప్పులు. అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి డెబ్బై రెండు వేలు, 2016 నుంచి అయితే ఆరు లక్షలు దాటాలి. కాకినాడకే బియ్యం తోలిన బండి అయితే మూడు లక్షలు నమ్మదగిన మాటే. మరి నిజంగా కాకినాడకే తోలిందా? దానికి ఒక దారి ఉంది. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు చూపించమని అడగండి. ఏ తేదీన ఏ టోల్‌గేటు దాటిందో అందులో వరుసగా ఉంటుంది. యజమానికి బ్యాంకు యాప్‌లో అయిదు నిమిషాల పని. ఇవ్వనంటే అదీ ఒక జవాబే.

జవాబు: లంకగట్టు (ముమ్మిడివరం)

2016 బండి ఎందుకండీ, ఇంకొంచెం పెట్టి 2018, 2019 మోడల్ చూసుకోరాదా? నేను అలాగే కొన్నాను, పికప్పు బాగుంది, మైలేజీ కూడా బాగుంది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మా వైపు 2022 జూలై వరదల్లో మునిగిన బండ్లు కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. సీటు పట్టాల కింద, డ్యాష్‌బోర్డు వెనుక ఒండ్రు పొడి ఉందేమో, వైరింగు సాకెట్లలో పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. క్రౌను ఆయిల్, గేర్‌బాక్సు ఆయిల్ కొంచెం దించి తెల్లగా ఉందేమో చూస్తే నీరు దూరిందో లేదో తెలిసిపోతుంది.

జవాబు: పంపుషాపు (రావులపాలెం)

లంకగట్టుగారి సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4 అనే పొగ కాలుష్య ప్రమాణం వచ్చింది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. బీఎస్-4 పెద్ద బండ్లలో కామన్ రెయిల్ పంపు (కంప్యూటరు అదుపులో డీజిల్ కొట్టేది), కొన్నింటికి పొగగొట్టంలో యూరియా చల్లే ఎస్‌సీఆర్, కొన్నింటికి పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ ఉంటాయి. అవి చెడ్డవి కావు, కానీ వాటిని సుత్తితో, చేతితో పరీక్షించలేం, స్కానరు కావాలి. పాత మెకానికల్ పంపు ఇంజనులో ఏ సిలిండరు పని చేయడం లేదో తెలుసుకోవాలంటే ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేసి చూస్తాం. వదులు చేసినా చప్పుడు మారకపోతే ఆ సిలిండరు ముందే చచ్చినట్టు. కామన్ రెయిల్ ఇంజనులో ఆ పని చేయనే చేయకూడదు. అందులో డీజిల్ వెయ్యి బార్లకు పైన ఒత్తిడితో ఉంటుంది, వేలికి తగిలితే చర్మం లోపలికి దూసుకుపోతుంది.

యూరియా బండి అయితే ఆ ట్యాంకు మూత తీసి చూడండి. 32.5 శాతం యూరియా ద్రావణం పోయవలసిన చోట నీళ్లు పోసినవారూ ఉన్నారు, ఆ ఖర్చు తప్పించుకోవడానికి సెన్సార్లను మోసం చేసే చిన్న డబ్బా బిగించినవారూ ఉన్నారు. గొట్టాల చివర తెల్లటి ఉప్పు పేరుకుని, ట్యాంకు ఎండిపోయి, అయినా హెచ్చరిక దీపం వెలగకపోతే ఆ డబ్బా ఎక్కడో ఉన్నట్టే. దాన్ని తీసి సిస్టమును మళ్లీ సరిచేయడానికి అయ్యే ఖర్చు మీదే అవుతుంది. కొబ్బరితోటగారికి ఇంజను సంగతులు తెలియవని ఆయనే అంటున్నారు కాబట్టి, ఊరి మెకానిక్కు చేతిలో నడిచే పాత ఇంజనే ఆయనకు మేలని నా అభిప్రాయం.

చేపలబండిగారు ఇంజను మూడోది అన్నారు. లైనరు ఇంజను అయితే ఒప్పుకుంటాను. బోరు బ్లాకులోనే ఉన్న ఇంజనుకు ఒకసారి పని జరిగిందంటున్నప్పుడు నేను ఒప్పుకోను.

ప్రశ్నించినవారి మాట: కొబ్బరితోట (అంబాజీపేట)

మీ అందరికీ కృతజ్ఞతలు. వారం రోజుల్లో రెండుసార్లు వెళ్లి వచ్చాను. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

మొదటిసారి ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున అయిదింటికి షెడ్డు దగ్గరికి చేరాను. బ్లాకు మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉంది. బ్రేకులకు గాలి పట్టించడానికి ఇప్పుడే స్టార్టు చేశానని అక్కడున్న డ్రైవరు చెప్పాడు. నేను చెప్పకుండా వెళ్లినా ఇలా జరిగిందంటే రోజూ ఎవరో ఒకరు చూడటానికి వస్తున్నారన్నమాట. పంపుషాపుగారు చెప్పినట్టే తిరిగి వచ్చేశాను. రెండోసారి పెంటపాడులో మా చుట్టాల ఇంట్లో రాత్రి ఉండి, అంతకుముందే బ్రోకరును ఒప్పించి తాళం చెవి నా దగ్గరే పెట్టుకున్నాను.

చల్లటి ఇంజను మూడో సెల్ఫ్‌కు అందుకుంది. తెల్లపొగ మూడు నిమిషాలు వచ్చి తగ్గింది. ఆయిల్ మూత తలకిందులుగా పెడితే గంతులు వేసింది, కింద పడలేదు గానీ నిలకడగా లేదు. రేడియేటరులో బుడగలు రాలేదు, కానీ నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి, కూలెంటు జాడ లేదు. ఒక మిల్లువారు లోడు ఎక్కించడానికి ఒప్పుకోవడంతో 15 టన్నుల బియ్యంతో ద్వారకా తిరుమల దాకా వెళ్లి వచ్చాము. ఎక్కుడులో నల్లపొగ బాగా వచ్చింది, టెంపరేచరు ముల్లు మామూలు గీత దాటింది. గేరు మాత్రం ఎక్కడా జారలేదు, క్లచ్చి కూడా బాగానే ఉంది. వచ్చిన వెంటనే, వేడి మీద మెకానిక్కు గేజి పెట్టి చూస్తే ఐడిలింగులో 12 పీఎస్ఐ ఉంది.

సుత్తి పట్టుకుని కిందికి దూరాను. ముందు భాగం గణగణ మోగింది. బోగీ పైన, ఎడమవైపు, చప్పుడు మారింది, అరచేయంత పెచ్చు ఊడి నా ముఖం మీదే పడింది. అక్కడే రెండు రివెట్ల చుట్టూ ఎర్రచార ఉంది. వెనుక కమానులో రెండువైపులా ఒక్కో పట్టీ మందం మిగతావాటికంటే వేరుగా ఉంది, అది తరువాత వేసినదని మెకానిక్కు అన్నాడు.

ఫాస్టాగ్ స్టేట్‌మెంటు అడిగితే యజమాని రెండు రోజులు తిప్పి, చివరికి ఫోనులో చూపించాడు. కాకినాడ బియ్యం బండి అన్నారు కదా, అందులో ఒడిశా, బెంగాలు టోల్‌గేట్లే వరుసగా ఉన్నాయి. చేపలబండిగారి లెక్క ఇక్కడ అక్షరాలా సరిపోయింది.

బోరింగు బిల్లు లేదన్నారు. 'బ్లాకు మంచిది దొరికితే వేశాము, బోరింగు అవసరమే రాలేదు' అన్నాడు యజమాని. ఆ మాట విన్న తరువాత ఆర్సీ తీసి ఇంజను నంబరు సరిచూస్తే, బ్లాకు మీద ఉన్న నంబరు వేరు. ఇది చిన్న విషయమేనా, ధర తగ్గించి తీసుకోవచ్చా? లక్షన్నర తగ్గిస్తానంటున్నాడు.

జవాబు: కాగితాలపని (కాకినాడ)

ఇది చిన్న విషయం కాదు. రవాణా కాగితాల పని చేసే మనిషిగా చెబుతున్నాను, ధర ఎంత తగ్గించినా ఈ స్థితిలో తీసుకోకండి.

ఇంజను మార్చినప్పుడు యజమాని 14 రోజుల్లోగా రిజిస్టరింగు అధికారికి తెలియజేసి ఆర్సీలో నమోదు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఆయన ఆ పని చేయలేదు. 2016 బండి కాబట్టి ఎనిమిదేళ్లు దాటాయి, అంటే ఫిట్‌నెస్ ఇప్పుడు ఏటా చేయించుకోవాలి. ఏ ఏడాది ఏ ఇన్‌స్పెక్టరు నంబరు సరిచూసినా మీ బండి ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే బీమావారు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ బ్లాకు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. అది దొంగ బండిలోది అయితే సంజాయిషీ చెప్పుకోవలసినది అప్పటికి యజమానిగా ఉన్న మీరు. బ్లాకు కొన్న బిల్లు చూపించి, తన పేరు మీదే ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించిన తరువాతే బేరానికి రమ్మనండి.

మరో బండి చూసినా ఈ వరుస తప్పకండి. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి ఫిట్‌నెస్, పన్ను, పర్మిటు, బీమా తేదీలు, పెండింగు చలానాలు చూసుకోండి. చలానాల్లో ఓవర్‌లోడు కేసులు ఉంటే అదీ బండి చరిత్రే. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆర్సీతో అంకె అంకె పోల్చండి. ఫైనాన్సు ఉంటే 35వ నంబరు ఫారం, ఫైనాన్సు కంపెనీ నిరభ్యంతర పత్రం చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఇతర రాష్ట్రం బండి అయితే 28వ ఫారం కూడా కావాలి. బండి పేరు మారితే పర్మిటు కూడా మారిపోయినట్టేనని చాలామంది అనుకుంటారు, కాదు, దానికి విడిగా దరఖాస్తు చేయాలి. బీమా మార్పిడికి 14 రోజుల్లోగా కంపెనీకి తెలియజేయాలి. మీరు దూర రాష్ట్రాలకు తోలదలిస్తే ఇంకొక లెక్క ఉంది. బహుళ యాక్సిళ్ల బండికి 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిటు రాదు, కాబట్టి 2016 బండి మీకు ఆ దారిలో 2031 దాకానే పనికొస్తుంది.

జవాబు: పంపుషాపు (రావులపాలెం)

కాగితాల సంగతి పెద్దలు చెప్పారు. ఇంజను సంగతి నేను ముగిస్తాను. 12 పీఎస్ఐ అంటే కనీసపు గీతకు పైనే ఉంది, అంకె చూసి ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఆర్నెల్ల క్రితం పని జరిగిన ఇంజనులో ఆ అంకె ఉండకూడదు. మూత గంతులు, మూడో సెల్ఫ్, ఆ పొగ అన్నీ కలిపి చూస్తే, ఆ బ్లాకు వేసినప్పుడే సగం అరిగినది. మీ బండికి ఇప్పుడు వేరే బండి అలసట అతికించారు.

చేపలబండిగారూ, ఛాసిస్ విషయంలో మీరే గెలిచారు, ఒప్పుకుంటున్నాను.

జవాబు: చేపలబండి (భీమవరం)

గెలుపేమీ లేదండి, ఆ పెచ్చు నా బండి నుంచి ఊడినదైనా కావచ్చు. లక్షన్నర తగ్గింపు గురించి ఒక మాట. బోగీ పైన ఛాసిస్ తిన్నప్పుడు అతుకు పట్టీ వేసి నడుపుతారు, అది రెండేళ్లు ఆగుతుంది, ఆ తరువాత అతుకు చివర కొత్త చీలిక వస్తుంది. కొబ్బరి లోడు తేలికే అనుకోకండి, తిరుగు కిరాయిలో మీకు సిమెంటు దొరుకుతుంది, మీరు వద్దనలేరు.

ప్రశ్నించినవారి మాట: కొబ్బరితోట (అంబాజీపేట)

ఆ బండి వదిలేశాను. బయానా ఇవ్వలేదు కాబట్టి తిరిగి అడగవలసిన బాధ కూడా లేదు. మండపేటలో ఒక రైసు మిల్లువారి సొంత బండి అమ్మకానికి ఉందని తెలిసింది. 2015 మోడల్, రంగు వెలిసిపోయి చూడటానికి ఏమీ బాగా లేదు. వారి గుమస్తా ఒక రేకుడబ్బా నిండా బిల్లులు ఉన్నాయని, ఇంజను ఇంతవరకు విప్పలేదని, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఎప్పుడు కావాలన్నా ఇస్తామని చెప్పాడు. గురువారం తెల్లవారుజామున వెళ్దామనుకుంటున్నాను. పంపుషాపుగారికి వీలైతే తోడు రాగలరా? మీ రోజు కూలి, పెట్రోలు నావి.

జవాబు: పంపుషాపు (రావులపాలెం)

వస్తాను. గుమస్తాకు సమయం చెప్పకండి, రాత్రి బండి ఎక్కడ నిలుపుతారో మాత్రం కనుక్కోండి. నాలుగున్నరకు రావులపాలెం సెంటర్లో ఉంటాను. గేజి నేను తెస్తాను, సుత్తి మీరు మరిచిపోకండి.